రోలరు కదలని చోటు

"ఆ రోలరు కాస్త పక్కకు జరిపిస్తారా బాబాయిగారూ?"

సర్వే అమ్మాయి అడిగింది అంతే. గీతల బాబాయి చేతిలోని సున్నం డబ్బా ఉన్నట్టుండి మణుగు బరువైంది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ మాట ఎవరో ఒకరు అంటారని ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు. అనే మనిషి నల్ల కళ్ళజోడు పెట్టుకుని, చంకలో ఫైలుతో, పెద్ద కారులోంచి దిగుతాడనుకున్నాడు. తీరా అన్నది పాతికేళ్ళ పిల్ల. మెడ చుట్టూ తడి తువ్వాలు, మోకాళ్ళ దాకా మట్టి, చెవి వెనక పెన్సిలు. మూడు కాళ్ళ యంత్రానికి కన్ను ఆనించి, ఆయన వైపు చూడకుండానే అడిగింది. చూడకుండా అడగడమే ఆయనకు నచ్చలేదు.

"ఎందుకమ్మా?"

"దాని కింద కొలవాలండీ."

"కింద ఏముంటుంది, నేలే. పక్కనున్న నేలకి చెల్లెలు."

"ఆ చెల్లెల్ని కూడా కొలవమన్నారండీ."

"అది కదలదు. బేరింగులు ఎప్పుడో పట్టేశాయి."

"నిన్న పొద్దున మీరు వాటికి నూనె పెడుతూ కనిపించారే?"

గీతల బాబాయి సున్నం డబ్బా చెయ్యి మార్చుకున్నాడు. చీపురు కర్ర మీద గడ్డం ఆనించి వింటున్న గేటు కాపలావాడు కిసుక్కున నవ్వాడు. "ఆ రోలరు బాబాయికి రెండో పెళ్ళాం లాంటిదమ్మా. రోజూ తుడుస్తాడు, నూనె రాస్తాడు, గడప దాటనివ్వడు."

"నీ గేటు ఎవరో ఎత్తుకుపోతున్నారు, వెళ్ళి చూసుకో" అన్నాడు బాబాయి. సున్నం డబ్బా రోలరు పక్కనే దింపి, దాని మీదే కూర్చున్నాడు.

స్టేడియానికి ఇక నలభై రోజుల ఆయుష్షు. ఆ తర్వాత యంత్రాలు వస్తాయి, ఈ చోట అద్దాల గోడలతో కొత్తది లేస్తుంది. కూల్చేముందు ప్రతి మెట్టునూ, ప్రతి గీతనూ కొలిచి పటం వేయించాలని ఆఫీసు నిర్ణయించిందట. కొత్త భవనం ముందు గదిలో ఆ పటాన్ని గోడకు తగిలిస్తారట. జనం వచ్చి చూసి, ఒకప్పుడు ఇక్కడ ఇది ఉండేదని చెప్పుకుంటారట. చెప్పిన వాళ్ళు అలా చెప్పారు. గీతల బాబాయి అందులో ఒక్క ముక్క కూడా నమ్మలేదు. పడగొట్టే ఇంటికి కొలతలు ఎవరైనా తీస్తారా?

అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. నలభై ఏడేళ్ళుగా ఆయన పని నేల మీద సున్నంతో తిన్నని గీత గీయడం. ఒక కన్ను మూసి, రెండో కంటిని తాడు వెంట పంపి, ఎక్కడ వంకర ఉందో పట్టుకోవడం. పట్టుకోగా పట్టుకోగా ఆ చూపే ఆయనకు మిగిలింది. కూరగాయలమ్మే మనిషిని అలాగే చూస్తాడు, అల్లుడిని అలాగే చూస్తాడు. ఆయన ఒక కన్ను చిన్నది చేశాడంటే ఎదుటివాళ్ళు ఎందుకో ఒకసారి చొక్కా సర్దుకుంటారు. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. ఆటగాళ్ళకీ, ఆఫీసుకీ, ఆఖరికి పాలవాడికీ ఆయన గీతల బాబాయే.

స్టేడియం కూడా ఆయనలాగే ఎవరికీ పూర్తిగా తెలియదు. తూర్పు గ్యాలరీ చెక్కది, పడమరది సిమెంటుది, ఉత్తరాన సగం కట్టి ఆపేసిన మెట్లు ఎక్కితే ఆకాశం తప్ప ఏమీ రాదు. గడియారానికి పెద్ద ముల్లు ఊడిపోయి ఇరవై ఏళ్ళయింది. అప్పటినుంచీ ఇక్కడ గంటలే గాని నిమిషాలు లేవు. టికెట్ల కిటికీల గట్లు మోచేతుల రాపిడికి గుంటలు పడి, వాన పడితే పిచ్చుకలు వాటిలో నీళ్ళు తాగుతాయి. ఆరు రోజులు దిగకుండా సైకిలు తొక్కిన మనిషి దిగాక నడవడం మరిచిపోయి, గోడ పట్టుకుని ఏడ్చింది ఇక్కడే. వరద వచ్చిన ఏడు సగం ఊరు ఈ గ్యాలరీ కింద కాపురం పెట్టింది. నీరు తీసేదాకా తల్లులు పిల్లల ఎత్తులు గోడ మీద పెన్సిలుతో గీశారు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. పిల్లలు పెరిగి ఎక్కడెక్కడో ఉన్నారు గాని, గోడ మీద మాత్రం అదే ఎత్తులో ఆగిపోయారు. ఎండ వేళ ఎవరూ లేనప్పుడు గ్యాలరీ చెక్కలు టిక్కు టిక్కుమని సాగుతాయి. ఎప్పటివో చప్పట్లు ఇప్పుడు ఒకటొకటిగా విడుదలవుతున్నట్టు ఉంటుంది.

ఇదంతా పటంలోకి ఎక్కుతుందా? ఎక్కదు. మరి ఆ పిల్లకి కావలసింది ఏమిటి? రోలరు కింద ఉన్నదే కావాలి. దాని సంగతి ఎవరో చెప్పారు. ఎవరు?

గేటు కాపలావాడు టీ పట్టుకొచ్చి పక్కన చతికిలబడ్డాడు. "బాబాయ్, ఒక మాట చెప్తాను, నేను చెప్పానని అనకు. ఆ అమ్మాయి రోజూ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. 'ఇంకా జరపనివ్వడం లేదు మేడమ్' అంటోంది."

"ఏ మేడమ్?"

"పేరు చెప్పి మాట్లాడుతుందా ఏంటి? మేడమ్ అంటే మేడమే."

గీతల బాబాయి కన్ను చిన్నదైంది. ఆయనకు తెలిసిన మేడమ్ ఒక్కతే. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇక్కడి పరుగులో రెండో స్థానంలో వచ్చిన మనిషి. ఇప్పుడు క్రీడా సంఘంలో సభ్యురాలు. ఏటా బహుమతులు ఇవ్వడానికి వస్తుంది, గేటు దగ్గరి పాలరాతి ఫలకం ముందు ఆగి ఒకసారి చదువుకుని వెళ్తుంది. ముప్పై ఏళ్ళుగా మారని ఆ రెండు వాక్యాల్లో ఆమె ఏం వెతుకుతోందా అని ఆయన ప్రతిసారీ దూరం నుంచి ఒక కంటితో చూసేవాడు.

ఫలకం మీద ఉన్నది ఇంతే. ఆడవాళ్ళ వంద మీటర్ల పరుగు, పన్నెండు సెకన్లూ, సెకనులో పదో వంతూ. ఈ మైదానపు రికార్డు. దాని కింద పేరు. ఆ పేరు గలామెను ఊరంతా పిచ్చుక అని పిలిచేది. ఆమె గీతల బాబాయికి మరదలు, భార్యకు సొంత చెల్లెలు.

అదీ అసలు చిక్కు. రోలరు కింద తను కొట్టిన మేకు సంగతి బయటపడితే, కొలిచిన తాడు గురించి ఎవరూ మాట్లాడరు. మరదలి కోసం బావ గీత జరిపాడంటారు. పిచ్చుకకు బడిలో డ్రిల్లు టీచరు ఉద్యోగం ఆ ఫలకం చూసే ఇచ్చారు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుంది. ఆఖర్న ఆమె చేతికి పూలదండకు బదులు ఈ మాట దొరుకుతుంది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే భార్య పెరుగన్నం వడ్డిస్తూ అంది. "పిచ్చుక వచ్చి వెళ్ళింది."

"పని దినం నాడా?"

"సెలవు పెట్టిందట. పాత తాడు ఎక్కడుందని అడిగింది. స్టేడియం స్టోరులోనే వేలాడుతోందని చెప్పాను."

కలిపిన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "తాడు దానికెందుకు?"

"బట్టలారేసుకోవడానికేమో! నాకేం తెలుసు? మీ బావామరదళ్ళు నాకు ఎప్పుడు చెప్పి ఏడ్చారు గనక? అయినా ఏవండీ, తాడంటే అంత ఉలిక్కిపడ్డారేం?"

"ఉలిక్కిపడలేదు. కారం."

"పెరుగన్నంలో కారమా!" అని ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఆ మధ్యాహ్నం కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. రెండో స్థానం మేడమ్ పిచ్చుకను కూడా పట్టుకుందా? బెదిరించిందా? లేక పిచ్చుకకు ఎవరైనా సగం చెప్పి, మిగతా సగం తాడును అడిగి తెలుసుకోమన్నారా? ఆఖరికి భార్య మీద కూడా అనుమానం వచ్చింది. గోడ మీద అద్దంలో తన ముఖం కనిపిస్తే దాన్నీ ఒక కన్ను మూసి చూశాడు.

తాడు గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

పందొమ్మిదో ఏట ఆయన్ని పనిలో పెట్టింది మేనమామ. అప్పట్లో వంద మీటర్ల పరుగుకు చివర రెండు స్తంభాలు ఉండేవిగాని మొదట ఏ గుర్తూ ఉండేది కాదు. ప్రతి పోటీకీ స్తంభాల నుంచి వెనక్కి కొలుచుకుంటూ వచ్చి మొదలు గీత గీయాల్సిందే. కొలిచేది యాభై మీటర్ల నూలు తాడుతో. రెండు చివర్లా ఇత్తడి కడియాలు. రెండుసార్లు పరిస్తే వంద. ఆఫీసులో ఇనుప టేపు ఉండేది గాని, అది సూపరింటెండెంటు బీరువాలోనే పుట్టి అక్కడే తుప్పు పట్టింది. గీత గీసేది తాడే. కొలిచి చూశామని కాగితం మీద సంతకం పెట్టేది తాడును నమ్మిన వాళ్ళే.

మేనమామ నేర్పినవాటిలో ఒకటి మాత్రం రోజూ చేయించేవాడు. పని మొదలుపెట్టే ముందు తాడును నడిమికి పట్టుకుని చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే ఆ రోజు కొలత లేదు. నూలు తాడు తేమ తాగితే లావెక్కి పొట్టిదవుతుంది. కంటికి తెలియదు, చేతికి తెలియదు. చేతులకు కాయలు కాసి ఉంటాయి కదా. చెంపకే తెలుస్తుంది. "ముద్దు పెట్టుకోరా, నీ సొమ్మేం పోదు" అనేవాడు మామ. కొత్తలో చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు.

మర్నాడు పొద్దున్నే గీతల బాబాయి గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల నుంచి "హైసా!" అన్న కేక వినిపించింది. పరిగెత్తాడు. అరవై ఆరేళ్ళ మనిషి పరుగు ఎంత ఉంటుందో అంతే పరిగెత్తాడు. ఆరుగురు కూలీలు భుజాలు ఆనించి రోలరును తోస్తున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకేచోట ఉన్న ఇనుము, పెట్టిన నూనెకు విశ్వాసంగా, కిర్రుమనకుండా మెత్తగా కదిలింది. దాని కింద నేల తెల్లగా, ఎండ చూడని ఒంటిలా ఉంది. మధ్యలో రూపాయి బిళ్ళంత మేకు తల.

సర్వే అమ్మాయి గొంతుక్కూర్చుని దాన్ని వేలితో తుడుస్తోంది. దానికి వెనకగా కొంత దూరంలో మొదలు గీత రాయి ఉంది. చదునుగా, మర్యాదగా, అందరికీ తెలిసినట్టుగా.

"ఎవరు జరపమన్నారు?" అన్నాడు బాబాయి, ఆయాసపడుతూ.

"నేనే."

గొంతు తూర్పు గ్యాలరీ నుంచి వచ్చింది. మొదటి వరస చెక్క మీద పిచ్చుక కూర్చుని ఉంది. యాభై ఆరేళ్ళ పిచ్చుక. చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు, మెడలో డ్రిల్లు విజిలు, ఒళ్ళో చుట్టగా చుట్టిన పాత తాడు.

"నువ్వా!"

"మా బడి పిల్లే బావా ఇది" అంది సర్వే అమ్మాయిని చూపించి. "ఏడో తరగతిలో హైజంపుకి నేనే నేర్పాను. ఒక్కసారి కూడా ఎగరలేదు, కర్ర కింద నుంచి దూరేది."

"మేడమ్, ఇప్పుడెందుకండీ అవన్నీ!" అంది అమ్మాయి, మేకు మీద నుంచి తల ఎత్తకుండా.

మేడమ్. గీతల బాబాయి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. రాత్రంతా ఎవరెవరినో వరసలో నిలబెట్టి అనుమానించాడు. ఈ ఒక్క మనిషిని వరసలో పెట్టడం మరిచిపోయాడు.

పిచ్చుక దిగి వచ్చింది. ఎదురుగా నిలబడి, తాడు నేల మీద పెట్టింది.

"నాకు ఎప్పటినుంచి తెలుసో అడగవేం?"

"ఎప్పటినుంచి?"

"పరుగు ఆగిన నిమిషం నుంచి." ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని భయపెట్టింది. "రోజూ ఇదే నేల మీద పరిగెత్తేదాన్ని. తెల్లారకముందే నువ్వే కదా లేపి తీసుకొచ్చేవాడివి? ఈ చివర నుంచి ఆ చివరకి నాకు యాభై రెండు అడుగులు. ఎండలో యాభై రెండు, జ్వరంలో యాభై రెండు. లెక్కపెట్టకపోయినా కాళ్ళు లెక్కపెట్టేవి. ఆ రోజు యాభై ఒకటో అడుక్కి దారం ఛాతీకి తగిలింది. జనం భుజాల మీద ఎక్కించుకుని తిప్పుతున్నారు, పిచ్చుకా పిచ్చుకా అని అరుస్తున్నారు. నాకేమో ఒక అడుగు మిగిలిపోయింది బావా. ఆ అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు."

గ్యాలరీ చెక్కలు టిక్కుమన్నాయి. గీతల బాబాయి మేకు వైపు చూశాడు.

"అందుకేనా ఆ తర్వాత మోకాలు నొప్పి అన్నావు?"

"మోకాలికేం, ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. తర్వాత నువ్వు రోలరు తెచ్చి సరిగ్గా ఇక్కడే పెట్టి కదలనివ్వకపోతే, నా కోసం చేశావనుకున్నాను. ఆ రికార్డు నాది కాదు, బావ పెట్టిన ముష్టి అనుకున్నాను. ముష్టి అని తెలిసి మళ్ళీ గీత దగ్గర నిలబడడం ఎలా? పోనీ నిన్ను అడుగుదామంటే, నువ్వు అబద్ధం చెప్తావని కాదు నా భయం. అవునంటావేమోనని."

సర్వే అమ్మాయి లేచి దూరంగా వెళ్ళబోయింది. "నువ్వుండవే" అంది పిచ్చుక. "నువ్వు పోతే మేము ఇద్దరం మళ్ళీ ముప్పై ఏళ్ళు మాట్లాడుకోం."

అప్పుడు గీతల బాబాయి చెప్పాడు. ముందు నేలతో చెప్పాడు, తర్వాత తాడుతో చెప్పాడు, ఆఖరికి ఆమెతో చెప్పాడు. ఆ పోటీకి ముందు రాత్రి వాన పడింది. స్టోరు కప్పు కారింది, సరిగ్గా తాడు వేలాడే దూలం దగ్గరే. పొద్దున చూస్తే మైదానం గంటలో ఆరిపోయింది గాని, తాడు ఆరలేదు. ఎవరో పెద్దమనిషి పోటీలు ప్రారంభించడానికి త్వరగా వచ్చేశాడని సూపరింటెండెంటు అరుస్తున్నాడు. హడావుడిగా తనే కొలిచాడు, గీశాడు. మర్నాడు తాడు ఎండలో పెట్టి మళ్ళీ కొలిస్తే నిలువెత్తు తక్కువ. అసలు చోట రాయి పాతాడు, ఇక ముందు ఎవరూ ఏ తాడుతోనూ తప్పు కొలవకుండా. తప్పు చోట మేకు కొట్టాడు.

"మేకు దేనికి? సున్నం గీతే కదా, తుడిచేస్తే పోయేది."

"ఏమో. గీసినదాన్ని లేదనడం చేతకాలేదు. కొట్టాను. కొట్టాక కనిపిస్తుందని భయమేసింది. రోలరు తెచ్చి పైన పెట్టాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"నిన్ను అప్పటికింకా భుజాల మీద నుంచి దించలేదు" అన్నాడాయన. "తర్వాత ఉద్యోగం వచ్చింది. తర్వాత ఫలకం వచ్చింది. రాతి మీద చెక్కాక నోరు ఎలా తెరుస్తాం? అయినా పిచ్చుకా, గీత అందరికీ అంతే తక్కువ. ఎనిమిది మందీ అదే గీత మీద నిలబడ్డారు. నువ్వు మొదట వచ్చింది నిజం. టైము ఒక్కటే..."

"టైము ఒక్కటే అబద్ధం" అని ఆమె పూర్తి చేసింది. "పన్నెండు పాయింటు రెండు పాత రికార్డు. అసలు దూరం పరిగెత్తి ఉంటే నాది పన్నెండు పాయింటు మూడు అయ్యేది. వేళ్ళ మీద ఎన్నిసార్లు కట్టుకున్నానో ఆ లెక్క." ఆమె తాడును కాలితో తట్టింది. "ఇదంతా నువ్వు చెప్తున్నావు. వాన, కప్పు, దూలం. నాకు చూపించు."

బకెట్టు తెచ్చారు. ముందు పొడి తాడును సర్వే అమ్మాయి ఉక్కు టేపు పక్కన పరిచి కొలిచింది. ముసలిదైనా తాడు యాభై మీటర్లకు నాలుగు వేళ్ళు అటూఇటూ ఉంది. గీతల బాబాయికి కొంచెం గర్వం కలిగింది, కలిగినందుకు సిగ్గేసింది. తర్వాత తాడును నీళ్ళలో ముంచారు. అది నానేలోగా ముగ్గురూ మెట్ల మీద కూర్చుని టీ తాగారు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. గేటు కాపలావాడు మాత్రం నాలుగుసార్లు చీపురు పట్టుకుని అటువైపే ఊడ్చుకుంటూ వచ్చాడు.

"ఆ మూల నాలుగుసార్లు ఊడ్చావు, నేల అరిగిపోతుంది" అంది పిచ్చుక.

"మీరు మాట్లాడుకోండమ్మా, నాకేం వినబడదు" అన్నాడు వాడు, ఇంకాస్త దగ్గరికి జరిగి.

నీళ్ళు ఓడ్చి, తాడు లాగి పరిచారు. పిచ్చుక ఒక చివర ఇత్తడి కడియం పట్టుకుంది, బాబాయి రెండో చివర పట్టుకున్నాడు. సర్వే అమ్మాయి మోకాళ్ళ మీద పాకుతూ టేపు చదివింది.

"డెబ్బై రెండు సెంటీమీటర్లు తక్కువండీ."

గీతల బాబాయి కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ బరువు భుజాల మీద నుంచి దిగుతున్నట్టే అనిపించింది. కాని పిచ్చుక అప్పటికే లెక్క కడుతోంది.

"రెండుసార్లు పరిస్తే నూట నలభై నాలుగు. రాయికీ మేకుకీ మధ్య ఎంత?"

అమ్మాయి కాగితం చూసింది. "నూట డెబ్బై ఎనిమిది మేడమ్."

"అడుగు పైన తేడా ఉంది బావా."

ఎండ గ్యాలరీ అంచు దాటి మైదానంలోకి దిగింది. తడి తాడు నేల మీద నల్లగా, పొడుగ్గా, ఏదో ఒప్పుకున్నట్టు పడి ఉంది.

"తాడు ముసలిదైపోయింది కదా" అన్నాడాయన. "అప్పటిలా ఇప్పుడు తాగలేదేమో."

"అయుండొచ్చు."

"లాగేటప్పుడు అప్పుడు నేనొక్కణ్ణే. వదులుగా పట్టుకుని ఉంటాను."

"వదులైతే ఇంకా తగ్గుతుంది. అదీ అయుండొచ్చు." ఆమె వంగి తాడు నడుమ పట్టుకుని ఎత్తింది. చిన్నప్పుడు ఆయన చేస్తుంటే చూసినట్టే, దాన్ని చెంపకు ఆనించుకుంది. "చల్లగా ఉంది. ఇంత చల్లగా ఉంటుందన్నమాట. ఆ రోజు పొద్దున నువ్వు చెంపకు ఆనించి చూశావా?"

ఈ ప్రశ్న ఎవరూ అడగరని ఆయన అనుకున్నాడు. ఇది అడగాలంటే తాడు గురించి తెలియాలి. తాడు గురించి తెలిసినవాళ్ళు ఇద్దరే, మామ, తను. మామ లేడు. పక్కనే నిలబడి రోజూ చూసిన పాతికేళ్ళ మరదలిని ఆయన లెక్కలో వేయలేదు.

"చూశాను."

"చల్లగా తగిలిందా?"

"తగిలింది." ఆయన అరచేతుల తడి చొక్కాకు తుడుచుకున్నాడు. "పొద్దుటి గాలికేమో అనుకున్నాను. అనుకున్నానో, అనుకోవాలని అనుకున్నానో... అది మాత్రం నాకు తెలియదు పిచ్చుకా. నీ మీద ఒట్టు, తెలియదు. ఎన్నోసార్లు ఆ పొద్దుటికి వెళ్ళి ఒక కన్ను మూసి చూశాను. అందరి వంకరా కనబడుతుంది. నాది కనబడదు."

ఆమె తాడును చెంప మీద నుంచి తీయలేదు. సర్వే అమ్మాయి చెవి వెనక పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టి, చివరికి తన పని మాట ఎత్తింది.

"మేడమ్, పటంలో మొదలు గీత ఎక్కడ వెయ్యమంటారు? రాయి దగ్గరా, మేకు దగ్గరా?"

"నన్నడుగుతావేం? గీతలు ఆయనవి."

గీతల బాబాయి లేచాడు. రాయి దగ్గరికి నడిచి, దాని మీద నిలబడ్డాడు. "గీత ఇక్కడ." తర్వాత నాలుగు మూరలు ముందుకు వచ్చి మేకు పక్కన నిలబడ్డాడు. "ఇది కూడా వెయ్యి తల్లీ. చిన్న చుక్క పెట్టు. పక్కన ఇలా రాసిపెట్టు. తడి తాడుతో కొలిచిన చోటు. ఆడవాళ్ళ వంద మీటర్ల రికార్డు ఇక్కడి నుంచి పరిగెత్తింది. కొలిచిన మనిషి..." అని ఆగి, తన పేరు చెప్పాడు.

అమ్మాయి తలెత్తి చూసింది. పదిహేను రోజులుగా రోజూ మాట్లాడుతున్నా ఆ పేరు ఆమె విననేలేదు. స్పెల్లింగు అడిగి మరీ రాసుకుంది. గేటు కాపలావాడు చీపురు ఆపి, "బాబాయికి పేరుందా!" అన్నాడు.

"ఫలకం సంగతి?" అన్నాడు బాబాయి, మరదలి ముఖంలోకి చూడకుండా.

"రేపు ఆఫీసుకి నేనే వెళ్తాను. పేరు ఉంచమంటాను, మొదట వచ్చాను కాబట్టి. టైము కొట్టేయమంటాను. ఉద్యోగం ఊడగొడితే ఊడగొట్టుకోనీ, రెండేళ్ళు ముందుగా మీ ఇంట్లో కూర్చుని అక్కతో పోట్లాడుకుంటాను." ఆమె తాడు చుట్ట చుట్టడం మొదలుపెట్టింది. నీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి. "రెండో స్థానంలో వచ్చినావిడకి కూడా నేనే చెప్తాను. నువ్వు వెళ్ళి ఒక కన్ను మూసి ఆవిణ్ణి భయపెట్టకు."

"పిచ్చుకా."

"ఊఁ?"

"ఇప్పుడైనా నమ్మావా నన్ను?"

ఆమె చుట్టడం ఆపింది. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను చిన్నది చేసి, అచ్చం ఆయనలాగే, తల నుంచి పాదాల దాకా ఆయన వెంట చూపును పంపింది. గీతల బాబాయి తెలియకుండానే చొక్కా సర్దుకున్నాడు.

"నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు."

"మిగతా రెండూ?"

ఆమె తాడు తీసుకెళ్ళి గ్యాలరీ కమ్మీ మీద, ఎండ సూటిగా పడేచోట వేసింది. ఒక చివర ఆయనకు అందించింది, సాగదీసి కట్టమని.

"ఇది ఆరాక చూద్దాం" అంది.